కొంగాట నేర్పిన పంతులమ్మ

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ప్రకటనలు చదువుతూ, పూర్వం ఏలూరు బోర్డింగు స్కూల్లో సంగీతం చెప్పిన ఒక వృద్ధురాలు తాడేపల్లిగూడెంలో ప్రభువునందు నిద్రించిందని చెప్పారు. ఆవిడ సాత్వికురాలనీ, నెమ్మది గలదనీ, ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదనీ కూడా చెప్పారు. ఆయన కుర్రవాడు. ఆవిడ మొహం కూడా చూసి ఉండడు. పోయిన ఆడవాళ్లందరికీ మా సంఘంలో వాడే మాటలే ఆవిడకీ వాడేశాడు. బెంచీ మీద కూర్చుని వింటూంటే నాకు ఒళ్లు మండింది. ఆవిడ సాత్వికురాలు కాదు. నెమ్మది అసలే లేదు. ఎదురు చెప్పకుండా ఆవిడ ఒక్క పూట గడపగా నేను చూడలేదు. మంచి మాటలే కదా అని ఊరుకుంటే, ఆ మనిషి స్థానంలో ఇంకెవరినో పాతిపెట్టినట్టవుతుంది. అందుకని రాస్తున్నాను.

ఆవిడ ఎదురు చెప్పే తీరు వేరు. గొంతు పెంచేది కాదు. కోపం వచ్చినకొద్దీ మాట మెత్తబడేది, ప్రతి మాట చివరా ‘అండీ’ వచ్చి కూర్చునేది. మామూలుగా ‘ఏమ్మా’, ‘ఒసేయ్’ అని పిలిచే మనిషి ‘ఏవండీ’ అని మొదలుపెట్టిందంటే ఎదుటివాళ్లకి మూడిందని పిల్లలం మా అందరికీ తెలుసు.

శనివారాలు బోర్డింగు పిల్లల్ని జంటలుగా నడిపించి కాలవ వంతెన దాటించి బజారుకి తీసుకెళ్లేది. దారిలో ఒక వీధి ఉండేది. మా వాళ్లు ఆ వీధిలో అడుగు పెట్టేముందు చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాళ్లు, గొడుగు ఉంటే ముడిచేవాళ్లు. ఎవరూ చట్టం రాయలేదు గాని అందరికీ తెలిసిన సంగతే. ఆవిడ చెప్పులతో, నల్ల గొడుగు వేసుకుని, వీధి మధ్యనుంచి నడిచేది. ఒకసారి అరుగు మీద కూర్చున్న పెద్దాయన పిలిచి అడిగాడు.

“ఏమమ్మా, ఈ వీధిలో గొడుగు ముడవాలని మీవాళ్లెవరూ నీకు చెప్పలేదా?”

“చెప్పారండి. ఎండకే ఎవరూ చెప్పినట్టు లేదండీ,” అంది ఆవిడ, గొడుగు ఇంకాస్త నిటారుగా పట్టుకుని.

ఆయన నోరు తెరిచేలోగా మమ్మల్ని వీధి దాటించేసింది. ఆ మాట బోర్డింగులో నెలల తరబడి చెప్పుకున్నాం.

మనిషి బక్కగా, పొడుగ్గా ఉండేది. మొహాన మశూచి మచ్చలు. ఎప్పుడూ సన్నంచు తెల్లచీరే. చేతివేళ్లు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేవి కావు. బల్ల మీద, పలక మీద, అన్నం గిన్నె మూత మీద తాళం వేస్తూనే ఉండేది. మాకు తల దువ్వుతూ మాడు మీద కూడా వేసేది. దువ్వెన ఆగినా తాళం ఆగేది కాదు. తల దువ్వించుకుని లేచాక చాలాసేపు మాడు లోపల ఆ దరువు తిరుగుతూ ఉండేది.

పాట క్లాసులో ఆవిడ లెక్కలో ఒకే ఒక్క నేరం ఉండేది. దాన్ని ‘దొంగపాట’ అనేది. నోరు తెరవకుండా, పక్కవాళ్లతో పాటు పెదవులు మాత్రం ఆడించడం అన్నమాట. “శ్రుతి తప్పితే సరిదిద్దుతాను. గొంతు బొంగురుపోతే మిరియాలు పెడతాను. దొంగపాట పాడితే మాత్రం నాకు మందు తెలీదమ్మా,” అనేది. మేం పాడుతుంటే వరసల మధ్య వంగి నడుస్తూ ఒక్కొక్కరి నోటి దగ్గర చెవి పెట్టి వినేది. రూతు అని ఒక పిల్ల ఉండేది, మండవల్లి అవతల కొల్లేటి లంకలోంచి వచ్చింది. తల్లి బాతులు పెంచేది. రూతు బోర్డింగుకి వచ్చినప్పటినుంచీ దొంగపాటే. ఆవిడ రూతు దగ్గర ఆగి, విని, ఏమీ అనకుండా ముందుకి పోయేది. మిగతావాళ్లని తిట్టి రూతుని ఎందుకు తిట్టదని మాకు కోపంగా ఉండేది.

ఇక నేను చెప్పదలుచుకున్న సంగతికి వస్తాను. పంతొమ్మిది వందల ముప్పైలలో ఒక సంవత్సరం ఉగాది, ఈస్టరు దగ్గరదగ్గరగా వచ్చి, రెండింటికీ కలిపి సెలవులిచ్చారు. సరిగ్గా అప్పుడే కొల్లేటి లంకల్లో మశూచి లేచింది. లంకల పిల్లల్ని ఇళ్లకి పంపేది లేదని స్కూలు నడిపే దొరసానిగారు ఖాయంగా చెప్పేశారు. తక్కినవాళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోతుంటే ఈ పిల్లలు వరండా స్తంభాలు పట్టుకుని ఏడిచారు. ఎప్పుడూ వాళ్లతోనే తిరిగినా నేను బోర్డింగు పిల్లని కాను. మా నాన్న ఆ స్కూల్లో గుమాస్తా, సంఘపెద్ద కూడా. కాంపౌండులోనే మా ఇల్లు. అందుకని ఆ సెలవులు మొదటినుంచి చివరిదాకా చూశాను.

ఆవిడ దొరసానిగారి దగ్గరకి వెళ్లి, సెలవులన్నాళ్లూ పాట గది తెరిచి పెడతానని, పిల్లల చేత ఆటలాడిస్తూ పాటలు నేర్పి ఈస్టరు మర్నాడు సోమవారం అందరి ముందూ ఆడిస్తానని అడిగింది. దొరసానిగారు సంతోషించి, దొరల సీమనుంచి వచ్చిన బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చారు. వసంతకాలపు సెలవుల్లో పాట క్లాసులో ఆడించే ఆటలు అందులో ఉన్నాయి. ఒక బొమ్మలో మంచు కరుగుతున్న పొలం, పచ్చపూలు, బుట్టనిండా రంగురంగుల గుడ్లు మోస్తున్న కుందేలు.

“ఈ కుందేలు గుడ్లు పెడుతుందా అండీ?” అని అడిగింది ఆవిడ.

దొరసానిగారు నవ్వి, “లేదు, అది వట్టి కథయే,” అన్నారు. ఆవిడ పుస్తకమంతా శ్రద్ధగా తిరగేసి తిరిగి ఇచ్చేసింది. మా దగ్గరకొచ్చి, “వాళ్లకి మంచు కరిగితే వసంతం. మనకి కొల్లేరు ఇంకితే వసంతం. మనది మనం ఆడుకుందాం,” అంది.

మొదటి చిక్కు హార్మోనియం దగ్గర వచ్చింది. అది గుళ్లో ఉండేది, తాళంచెవి మా నాన్న మొలలో ఉండేది. ఆవిడ మా ఇంటికొచ్చి అడిగితే నాన్న ఇవ్వనన్నాడు.

“ఆటలకి హార్మోనియం ఏమిటమ్మా. అది దేవుడి సొత్తు.”

“మరి పిల్లలు ఎవరి సొత్తండీ?”

నాన్న తాళంచెవి ఇవ్వలేదు. ఇద్దరూ ఒకరినొకరు సూటిగా చూసుకుని విడిపోయారు. మా నాన్నకీ ఎదురు చెప్పడం అలవాటే. కాకపోతే ఆయన అండీ అనేవాడు కాదు.

హార్మోనియం లేకుండానే ఆటలు మొదలయ్యాయి. రూతు తల్లి కాలవ రేవు దాకా వచ్చి, ఎవర్నీ ముట్టుకోకుండా ఒక బుట్ట బాతుగుడ్లు పెట్టి వెళ్లింది. వాటిని ఉడకబెట్టి, కొన్నిటికి ఉల్లిపొట్టుతో ఎర్రరంగు, కొన్నిటికి పసుపురంగు పట్టించాం. ఆవిడ ఒకర్ని బయటికి పంపి గదిలో గుడ్డు దాచేది. లోపలికొచ్చి వెతుకుతుంటే మేం పాడాలి. గుడ్డుకి దగ్గరైతే పాట పెరగాలి, దూరమైతే తగ్గాలి. దొరికించుకున్నవాళ్లదే గుడ్డు. మొదటిరోజు అందరం గొంతులు చించుకున్నాం. “గట్టిగా ఎవరైనా అరుస్తారు. అందరూ కలిసి సన్నగా పాడటమే చదువు,” అంది ఆవిడ. మూడో రోజుకి మా పాట ఎంత సన్నబడిందంటే, బయట తుమ్మెద తిరిగితే వినబడేది. తివాచీలు నేసేవాళ్ల వీధి పిల్లలు మా గోడ మీదికెక్కి చూసేవాళ్లు. కావలివాడు తోలబోతే ఆవిడ ఆపింది. “గోడెక్కి వచ్చినవాళ్లకి మనకన్నా పాట ఎక్కువ కావాలయ్యా. దిగనివ్వు,” అంది. వాళ్లూ దిగి ఆడారు.

రెండో ఆట కొంగాట. అది ఆవిడే కల్పించింది. వేసవి ముదిరి కొల్లేరు ఇంకుతుంటే, పలచటి నీళ్లలో కొంగలు అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతాయి. చేప కదిలితే టక్కున ఆగి ఒంటికాలి మీద నిలబడతాయి. మేమూ అంతే చెయ్యాలి. దరువు పడుతున్నంతసేపూ పాడుతూ నడవాలి. దరువు ఆగితే పాట ఆపి కాలెత్తి నిలబడాలి. మళ్లీ దెబ్బ పడేదాకా, ఏమొచ్చినా సరే, కాలు దించకూడదు. పాట కూడా ఆవిడే కట్టింది.

కొల్లేట్లో నీళ్లు తగ్గె కొంగమ్మా
కాలెత్తి చేపవంక చూడమ్మా

లంకల పిల్లలకి ఈ ఆట ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. కొంగలెలా నడుస్తాయో వాళ్లే మాకు చూపించారు. రూతు మెడ సాచి, కాలు లోపలికి ముడుచుకుని నడుస్తుంటే నిజం కొంగలాగే ఉండేది. నోరు మాత్రం విప్పలేదు.

అయితే దరువు కుదరలేదు. చప్పట్లతో చేస్తే చప్పగా ఉంది. బకెట్టు బోర్లించి కొడితే, ఆవిడ చెయ్యి ఆగాక కూడా బకెట్టు మోగుతూనే ఉండేది. ఎప్పుడు ఆగాలో కొంగలకి తెలిసేది కాదు. ఆవిడ బకెట్టుకేసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. మర్నాడు పొద్దున బండికి తాడేపల్లిగూడెం వెళ్లి, సాయంత్రం పాత చీరలో చుట్టిన గుండ్రటి మూట ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది.

డప్పు అది. వాళ్ల నాన్నది. ఆయన తన ఊళ్లో పేరున్న డప్పు కళాకారుడు. బాప్తిస్మం పుచ్చుకున్నప్పుడు డప్పు మానెయ్యమన్నారట. మానేశాడు. కాల్చెయ్యమంటే మాత్రం కాల్చలేదు. మొహం గోడవైపు తిప్పి తగిలించుకున్నాడు. ఆయన పోయాక కూడా అది అలాగే గోడకి ఉంది.

ఆవిడ తాటాకు మంట వేసి డప్పుకి సెగ చూపించింది. తోలు బిగుసుకుంది. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న పుల్ల పట్టుకుని మొదలుపెట్టింది. మాకెవరికీ నడుస్తున్నామని తెలీలేదు. కాళ్లే నడిచాయి. ఆవిడ అరచేత్తో తోలు నొక్కిపట్టేసరికి మోత కత్తిరించినట్టు ఆగిపోయింది. గదినిండా కొంగలు ఒంటికాలి మీద నిలబడ్డాయి.

ఆ చప్పుడు గుడి వరండాలో ఉన్న మా నాన్న చెవిన పడింది. ఈస్టరుకి ముందు వచ్చే పరిశుద్ధ వారం అది. క్రీస్తు శ్రమల కీర్తనలు తప్ప ఇంకేమీ వినపడకూడని రోజులు. పాట గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ నాన్న మొహం పాలిపోయి ఉంది.

“ఏమిటిది?”

“డప్పండీ.”

“తెలుసు నాకు. దాన్ని వదిలించుకోడానికేగా మనం ఈ గుళ్లోకి వచ్చింది. మళ్లీ పిల్లల దగ్గరికి తెచ్చావా?”

“నేను వదిలించుకోడానికి రాలేదండీ. పాడుకోడానికి వచ్చాను.”

నాన్న గదిలోకి వచ్చాడు. నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, అంతవరకూ నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. మా వాళ్లందరూ ఒకప్పుడు ఊరికి డప్పు కొట్టినవాళ్లే. నాన్నది పెదవేగి అవతల పల్లె. కామందు ఇంట్లో పెళ్లయినా చావైనా ముందు నడుస్తూ కొట్టాలి. కొట్టినందుకు పెరటి గోడమీదనుంచి మిగిలిన అన్నం పెట్టేవాళ్లు. నాన్న చిన్నప్పుడు ఒకసారి కామందు తల్లి పోయింది. వానలో శవం ముందు నడుస్తుంటే డప్పు తడిసి మోగడం మానేసింది.

“ఆ తోలు మోగకపోతే నీ తోలు మోగిస్తానన్నాడు కామందు,” అన్నాడు నాన్న. “మోగించాడు. శ్మశానం దాకా మోగిస్తూనే ఉన్నాడు.”

నాన్న కలిపిన ముద్ద అలాగే ఉంది. “ఆ పంతులమ్మకేం తెలుసు,” అన్నాడు చివరికి. నాకు ఆయన మీద జాలి వేసింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ కొంగాటకి వెళ్లాను. ఆయన వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు.

మంచి శుక్రవారం గడిచాక, శనివారం మధ్యాహ్నం స్కూలు వరండాలో దొరసానిగారు, పాస్టరుగారు, సంఘపెద్దలు కూర్చుని ఆవిడని పిలిపించారు. మేం బావి దగ్గర నీళ్లు తోడుతున్నట్టు నటిస్తూ అన్నీ విన్నాం.

“సోమవారమున ఆ వాద్యము వలదు. ఇదివరకు జరిగినదానికి మీరు విచారము తెలియజేయవలెను,” అన్నారు దొరసానిగారు. ఆవిడ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నది.

“విచారం లేదండీ.”

“మీ నాయనగారే దానిని విడిచిపెట్టెను కదా?”

“ఊరు కొట్టమంటే కొట్టాడండీ. సంఘం మానమంటే మానాడు. ఆయనకేది ఇష్టమో ఆ రెండుసార్లూ ఎవరూ అడగలేదండీ. నన్నూ ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతున్నాను. నాకు కొట్టడం ఇష్టమండీ.”

ఒక పెద్దాయన కసిరాడు. ఇంకొకాయన దగ్గాడు. మా నాన్న ఒక్కడే లేచి ఆవిడకి ఎదురుగా నిలబడ్డాడు.

“సోమవారం దాన్ని తెస్తే నేను నీ చేతిలోంచి తీసుకుంటాను,” అన్నాడు.

“తీసుకోండి,” అంది ఆవిడ. “తేవడం మాత్రం తెస్తానండీ.”

సోమవారం వచ్చింది. స్కూలు హాల్లో ముందు కుర్చీల్లో దొరసానిగారు, పెద్దలు. వెనక సంఘమంతా. కిటికీల నిండా తివాచీల వీధి వాళ్లు. గుడ్డాట అయింది, అందరూ నవ్వారు, మెచ్చుకున్నారు. తరవాత మేం కొంగల్లా వరసలు కట్టాం. ఆవిడ బయటికి వెళ్లి, సెగ చూపించిన డప్పు భుజాన వేసుకుని నడుస్తూ లోపలికి వచ్చింది. దాచుకోలేదు, తొందరపడనూ లేదు. హాలు మధ్యలో నిలబడి మొదలుపెట్టింది. మేం పాట ఎత్తుకుని నడిచాం. మొదటిసారి ఆపింది, ఆగాం. మళ్లీ మొదలుపెట్టింది, నడిచాం. రెండోసారి అరచేత్తో తోలు నొక్కిపట్టింది. కాళ్లెత్తాం.

అప్పుడు మా నాన్న లేచి నడిచి వచ్చాడు. ఆవిడ భుజంమీదనుంచి డప్పు తీసుకున్నాడు. ఆవిడ పెనుగులాడలేదు. రెండు చేతులూ కిందికి వదిలేసి నిలబడింది.

నాన్న డప్పు పట్టుకుని నిలబడ్డాడు. మేం ఒంటికాలి మీద నిలబడ్డాం.

“పిల్లలారా, కూర్చుండుడి,” అన్నారు దొరసానిగారు.

ఒక్కరూ కదల్లేదు. మాలో మేం ముందు అనుకున్నదేమీ లేదు. దెబ్బ పడేదాకా కాలు దించకూడదు, అంతే. అది ఆట. కాని నిలబడుతున్నకొద్దీ అది ఆట కాకుండా పోయింది. నా పిక్క వణుకుతోంది. నాకెదురుగానే మా నాన్న. ఆయన నన్ను చూశాడు. నేను కళ్లు దించలేదు, కాలూ దించలేదు. ఆయన్ని ధిక్కరించాలని కాదు. అప్పుడు కాలు దించితే ఇక జన్మలో పాడలేననిపించింది.

“కాళ్లు దించండమ్మా,” అన్నాడు నాన్న. గొంతు ఎప్పటిలా లేదు. “దించండి. నొప్పి పుడతాయి.”

దించలేదు. అందరిలోకీ చిన్నపిల్ల ఒకర్తి ఏడుపు మొదలుపెట్టింది, ఏడుస్తూనే ఒంటికాలి మీద నిలబడింది.

ఆవిడ మెల్లగా అంది. “నేను చెప్పినా వినరండీ. మీరు చెప్పినా వినరు. అది చెబితేనే వింటారు.”

నాన్న డప్పుకేసి చూశాడు. మాకేసి చూశాడు. ఆయన చేతిలో పుల్లలు లేవు. డప్పు గుండెకి ఆనించుకుని, వంచిన వేళ్లతో అంచుకి కాస్త ఇవతలగా ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ దెబ్బ ఆవిడ దెబ్బలా లేదు. ఇంకా లోతుగా మోగింది. అన్ని కాళ్లూ ఒక్కసారి నేలని తాకాయి. ఆ వెంటనే పాట ఎత్తుకున్నది రూతు. గరుకుగా, గాలికి ఎదురు పిలిచే పడవవాళ్ల గొంతులా ఉంది ఆ పిల్ల గొంతు. మేం రూతు వెనక అందుకుని, దరువు లేకుండానే పాట పూర్తి చేశాం.

నాన్న డప్పుని బల్లమీద జాగ్రత్తగా పెట్టి బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రందాకా ఇంటికి రాలేదు. తమ్మిలేరు ఇసకలో ఒక్కడే కూర్చుని ఉండగా చూశామని ఎవరో చెప్పారు.

దీంతో ఆయన మనసు మారిందని చెబితే కథకి బాగుంటుంది. మారలేదు. ఆ వారంలోనే సంఘపెద్దలు కూడి, పంతులమ్మ తప్పు ఒప్పుకుంటే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం అని తీర్మానించారు. అందులో మా నాన్న చెయ్యి ముందు లేచింది. దొరసానిగారికి ఆవిడంటే ఇష్టమే. పిలిచి బతిమాలారు. “ఒక్క మాట చెప్పిన యెడల చాలును,” అన్నారు.

“ఆ ఒక్క మాటే నా దగ్గర లేదండీ,” అంది ఆవిడ.

మర్నాడు ట్రంకుపెట్టె కూలివాడి నెత్తిన, డప్పు తన భుజాన పెట్టుకుని స్టేషనుకి నడిచింది. దాన్ని ఈసారి పాత చీరలో చుట్టలేదు.

తాడేపల్లిగూడెంలో వాళ్ల పేటలోనే ఒక పాక వేసుకుని, రైసుమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల పిల్లలకి చదువూ పాటా చెప్పడం మొదలుపెట్టింది. జీతం ఇచ్చే స్కూళ్లు కొన్ని పిలిచాయట. డప్పు సంగతి ముందే చెప్పేది. పిలిచినవాళ్లు మళ్లీ పిలిచేవాళ్లు కాదు. నేను ట్రెయినింగు చదువుతున్నప్పుడు ఒకసారి దిగి చూశాను. మిల్లు వెనక ధాన్యం ఎండబోసే కళ్లంలో పిల్లలు కొంగల్లా నిలబడి ఉన్నారు. ఆవిడ ఇంకా చిక్కిపోయింది. నన్ను చూడగానే, “ఏమే, దొంగపాట పాడుతున్నావా, నిజం పాటేనా?” అని అడిగింది. తరవాత మా నాన్న ఎలా ఉన్నాడని అడిగింది.

“ఆయన మీద మీకు కోపం లేదా అండీ?” అన్నాను.

“ఎందుకు లేదూ. ఉంది,” అంది. “కాని ఆ దెబ్బ విన్నావుగా. అన్నేళ్లు ముట్టుకోని చెయ్యి అలా పడదమ్మా. నిద్రలో కొట్టుకుంటూ ఉంటాడు, పాపం.”

ఇంటికొచ్చి నాన్నకి ఆ మాట చెప్పలేదు. చెబితే ఏమనేవాడో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇంకా రెండో ప్రపంచ యుద్ధం రాకముందే నాన్న జ్వరంతో పోయాడు. కబురు ఎవరు పంపారో గాని, సమాధుల దొడ్డికి మేం చేరేసరికి ఆవిడ గేటు దగ్గర ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. పెదవేగి వైపునుంచి నాన్న సొంత ఊరివాళ్లు కొందరు వచ్చారు. వాళ్లతో పాటు ఆ కామందుగారి ఇంటి పెద్దపాలేరు కూడా వచ్చాడు. వచ్చినందుకు సంతోషమే. కాని పెట్టె గోతిలోకి దింపుతుండగా అతను చుట్టూ చూసి, “ఇదేం చావయ్యా, చప్పుడు లేదు. మా ఊరి మొత్తానికి వీడి డప్పే డప్పు. వీడి చావుకి కొట్టేవాడు లేడా?” అన్నాడు. ఆవిడ డప్పు సంగతి అతనికి ఎవరో చెప్పినట్టున్నారు, ఆవిడ వైపే చూస్తూ అన్నాడు.

సంఘపెద్దలు నేలచూపులు చూశారు. ఆవిడ ముందుకి వచ్చింది.

“ఏవండీ,” అంది చాలా మెత్తగా. “ఈయన మీ చావులకి కొట్టి కొట్టి అలిసిపోయారండీ. ఈయన చావుకి ఎవరూ కొట్టరు. నా డప్పు పిల్లలు ఆడుకుంటే మోగుతుందండీ, చావుకి మోగదు. తమరు మన్ను వేస్తే వెయ్యండి, లేకపోతే పక్కకి నిలబడండి.”

అతను పక్కకి నిలబడ్డాడు. ఆవిడ ఈస్టరు కీర్తన ఒకటి ఎత్తుకుంది. ఏ వాద్యమూ లేదు. మేమందరం పాడాం.

ఇంటికొచ్చాక అమ్మ ఆవిడకి అన్నం పెట్టింది. పెడుతూ, ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్న మాట అడిగేసింది.

“నీ ఉద్యోగం తీయించిన మనిషికి ఎందుకొచ్చావమ్మా ఇంతదూరం?”

ఆవిడ తినడం ఆపింది. వేళ్లు మాత్రం విస్తరి అంచున కదులుతూనే ఉన్నాయి.

“నాకు చాలామంది అడ్డం వచ్చారండీ. అందరూ వెనకనుంచే వచ్చారు. ఎదురుగా వచ్చి నిలబడి, తీసుకుంటానని ముందే చెప్పి తీసుకున్నది ఈయనొక్కడే. అలాంటి మనిషి పోతే రాకుండా ఎలా ఉంటానండీ?”

అమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న పోయాక అమ్మ ఏడవడం నేను చూసింది అప్పుడే.

భోజనం అయ్యాక పంతులమ్మ చెయ్యి కడుక్కుని, బండివేళయిందని లేచింది. బయట అరుగుమీద సంఘపెద్దలు వరసగా కూర్చుని ఉన్నారు. ఆవిడని తీసెయ్యాలని చేతులెత్తినవాళ్లే అందరూ. పక్కసందులోంచి పంపుదామని నేను అటు తిరిగాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడకుండా చెప్పులు వేసుకుని, వాళ్ల ముందునుంచే నడిచింది. ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పక్కాయన లేచాడు. తరవాత అందరూ లేచారు.

ఆవిడ ఆగలేదు.